జోగినాయుడు గారి మూజువాణి ఓటు

పాత శాసనసభ భవనంలో ఆ వారమంతా బెలూన్లు పేలుతూనే ఉన్నాయి. ఆ భవనం ఇప్పుడు ప్రదర్శనశాల. చెవుల్లో దూది పెట్టుకోమని మందాకిని కాపలాదారుకు మొదటిరోజే చెప్పింది. అతను పెట్టుకోలేదు సరికదా, మహామహులు కూర్చున్న చోట ఈ పుట్టినరోజు సంబరమేమిటని సణుగుతూ ఆమె వెనకే తిరిగాడు. ఆమె ఒక్కొక్క కుర్చీలో కూర్చుని, సభ్యుడి నోరుండే ఎత్తులో బెలూన్ పట్టుకుని సూదితో పొడిచేది. కప్పు నుంచి వేలాడే పాత మైకులు ఆ చప్పుడును అందుకునేవి. స్తంభం పక్కన పేలినది ఒకలా మోగేది, కిటికీ దగ్గరది ఇంకోలా మోగేది. ఏ రెండు కుర్చీల ప్రతిధ్వనీ ఒక్కలా లేదు. ఆమెకు కావలసిందీ అదే.

మన చట్టసభల్లో బిల్లులు చాలావరకు గొంతుల మీదే గట్టెక్కుతాయి. సభాపతి బిల్లు పేరు చదివి, ఒప్పుకునేవారిని "అవును" అనమంటాడు, ఒప్పుకోనివారిని "కాదు" అనమంటాడు. రెండు అరుపులూ విని, అవునన్నవారే ఎక్కువని తేల్చేసి తరువాతి కాగితం తీస్తాడు. మూజువాణి ఓటంటే ఇదే. ఎవరు ఎటు అరిచారో ఎక్కడా రాసి ఉండదు. అందుకే ఎన్నికలొచ్చినప్పుడు ప్రతి నాయకుడూ తాను మంచి వైపే అరిచానని జనానికి చెప్పుకుంటాడు. అబద్ధమని నిరూపించడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండేది కాదు, మందాకిని జల్లెడ తయారయ్యేవరకు.

జల్లెడ అన్నది పరిశోధనశాలలో పెట్టుకున్న ముద్దుపేరు. అసలు పేరు చదవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి. పాత టేపులోని గోలను అందులో పోస్తే, కలగలిసిపోయిన గొంతులను ఒక్కొక్కటిగా విడదీసి, ఇది ఫలానా సభ్యుడిదని చెబుతుంది. ఊరికే చెప్పదు. ఆ సభ్యుడు వేరే రోజుల్లో చేసిన ప్రసంగాలు విని అతని గొంతు నేర్చుకుంటుంది. ఆ గొంతు అతని కుర్చీలోంచే వచ్చిందా అని ప్రతిధ్వనితో సరిచూసుకుంటుంది. రెండూ కలిస్తేనే పేరు బయటపెడుతుంది, లేకపోతే మూగనోము పడుతుంది.

కొత్తగా ఏర్పడ్డ సభ దీన్ని నమ్మి ఒక చట్టం చేసింది. పాత మూజువాణి ఓట్లలో సభాపతి పొరపాటుగా తేల్చినవి ఏవైనా ఉంటే, గొంతుల అసలు లెక్క ఎటుంటే అటే చెల్లుతుంది. దానికోసం సభ్యులతో ఒక విచారణ సంఘం కూడా వేశారు. మొదట్లో పత్రికలు హడావిడి చేశాయి. తీరా జల్లించి చూస్తే, ఒకదాని తరువాత ఒకటిగా సభాపతులు చెప్పిందే సరైనదని తేలుతూ వచ్చింది. జనం ఆ సంగతి మరిచిపోయి తమ పనుల్లో పడ్డారు. మందాకిని మాత్రం ఒక్క టేపు కోసం ఓపికగా ఎదురుచూస్తూ కూర్చుంది.

ఆ టేపులో ఉన్నది ఆమె తండ్రి.

పొగిరి జోగినాయుడు గారు శాసనసభకు వెళ్లింది ఒకే ఒక్కసారి. ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ల సంఘం నడుపుతూ, పాలకపక్షం టికెట్టు మీద గెలిచారు. వెళ్లిన దగ్గర్నుంచీ ఆయనది ఒకటే పాట. ఉప్పునీళ్లలో నిలబడి కాళ్లు పుండ్లు పడేవాళ్లకు రబ్బరు బూట్లు, ఉప్పు మీద పడిన ఎండ మెరుపుకు చూపు పోగొట్టుకునేవాళ్లకు నల్ల కళ్లద్దాలు యజమానులే ఇచ్చి తీరాలని ఆయన ఒక బిల్లు రాశారు. మంత్రులు పెట్టే బిల్లుకున్న రాచమర్యాద సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లుకు ఉండదు. దానికి శుక్రవారం చివరి గంట ఇస్తారు. అప్పటికి సగం మంది సభ్యులు రైలెక్కేసి ఉంటారు. ప్రతి సమావేశంలోనూ ఆయన బిల్లు పెట్టడం, దాని వంతు వచ్చేలోగా గంట కొట్టేయడం, ఇదే వరస.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం గుల్లలరేవు బిల్లు తెచ్చింది. గుల్లలరేవు ఆయన నియోజకవర్గంలోనే ఉన్న జాలరి ఊరు. ఊరిని లేపేసి అక్కడ ఓడరేవు కట్టాలన్నది బిల్లు. మూజువాణి ఓటుతో గట్టెక్కింది. జనాన్ని సముద్రం కనిపించనంత దూరంలో ఒక కాలనీకి తరలించారు. రేవు చుట్టూ గోడ లేచింది గానీ ఓడరేవు లేవలేదు. ఇప్పటికీ ఆ గోడ లోపల తుమ్మపొదలు తప్ప మరేమీ లేదు.

తాను కాదన్నానని జోగినాయుడు గారు గడపగడపకూ వెళ్లి చెప్పారు. ఎవరూ నమ్మలేదు. తరువాతి ఎన్నికల్లో ఆయనకు ధరావతు కూడా దక్కలేదు. మందాకినికి అప్పుడు పన్నెండేళ్లు. ఒక ఆదివారం తండ్రితో చేపల బజారుకు వెళ్లింది. గుల్లలరేవు నుంచి వచ్చిన మైలపల్లి దానమ్మ, సొంత పడవ పోయాక వేరేవాళ్ల దగ్గర చేపలు కొని అక్కడ అమ్ముకుంటోంది. ముందు ఎవరో ఏమిటో చూడకుండా వంజరం ముక్కలు తూచింది. తల ఎత్తి మొహం చూసి, ఆ ముక్కలన్నీ మళ్లీ గంపలో వేసేసుకుంది. మీకు అమ్మనని మెల్లగానే చెప్పింది. ఆవిడ నలుగురిలో దుమ్మెత్తిపోసి ఉంటే అంత బాధ ఉండేది కాదని మందాకినికి ఇప్పటికీ అనిపిస్తుంది. జోగినాయుడు గారు ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నారు. ఇంటి దగ్గర మలుపులో ఆగి, "నాను కాదనే అన్నానమ్మా," అని కూతురికి చెప్పారు. ఆ పిల్ల నమ్మింది. పెద్దయ్యాక ధ్వనిశాస్త్రం చదివినా, ఉద్యోగంలో చేరినా, కుర్చీ కుర్చీకీ బెలూన్లు పేల్చినా, అన్నీ ఆ ఒక్క మాటకు సాక్ష్యం తేవడానికే. లోకానికి మాత్రం అది ప్రజాస్వామ్యానికి సేవ అని చెప్పేది.

తండ్రి ఓటును కూతురు జల్లించకూడదు కాబట్టి ఆ టేపును పరిశోధనశాల పెద్ద సుధీంద్ర స్వయంగా యంత్రానికి ఎక్కించాడు. మందాకిని బయట వరండాలో టీ తాగుతూ కూర్చుంది. నిజానికి తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చుంది. సుధీంద్ర చాలాసేపటికి ఆమెను లోపలికి పిలిచి తలుపు వేశాడు. అతను తలుపు వేసే మనిషి కాదు.

"అవును" అన్నవైపు అరవై నాలుగు గొంతులు తేలాయి. "కాదు" అన్నవైపు కూడా అరవై నాలుగే. భోజనం వేళ దాటిన ఆ మధ్యాహ్నం పాలకపక్షంలో చాలామంది క్యాంటీనులో ఉన్నారట. సభాపతి తల ఎత్తి చూసుంటే ఆ ఖాళీ కుర్చీలు కనిపించేవి. ఇంతవరకు మందాకిని ఆశించినదానికంటే బాగానే ఉంది. కానీ ఆ రోజు నోరు విప్పినవారు మొత్తం నూట ఇరవై ఏడుగురే. ఒక మనిషి రెండు వైపులా అరిచాడు.

ఎవరని ఆమె అడగలేదు. సుధీంద్ర మొహం చూస్తేనే తెలిసిపోయింది. అతను రెండు గొంతులూ వినిపించాడు. మొదటిది "అవును". ఉప్పుమడుల గట్ల మీద మైకు లేకుండా మీటింగులు పెట్టిన గొంతు, గుండెలోంచి నిండుగా వచ్చింది. రెండోది "కాదు". అదే గొంతు, అదే స్తంభం పక్క కుర్చీ. కానీ తల వంచుకుని ఎదురుగా ఉన్న బల్లకు చెప్పినట్టుగా ఉంది.

మందాకినికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముందు యంత్రం మీద వచ్చింది, తరువాత తండ్రి మీద, ఆఖరికి ఖాళీ సంచి పక్కన నడిచొచ్చి నమ్మేసిన ఆ పన్నెండేళ్ల పిల్ల మీద వచ్చింది.

సుధీంద్ర మంచివాడు. అతనికీ ఒక తండ్రి ఉన్నాడు. ఒకే మనిషి రెండు వైపులా అరుస్తాడని మనం యంత్రానికి ఎప్పుడూ నేర్పలేదు కదా, ఒకటి యంత్రం పొరపాటని రాసి తీసేయవచ్చు, ఏది తీసేయమంటే దానికి నేను సంతకం పెడతాను అన్నాడు. ఏది తీసేయాలో వేరే చెప్పనక్కరలేదు. "అవును" తీసేస్తే లెక్క అటు అరవై మూడు, ఇటు అరవై నాలుగు. బిల్లు ఓడిపోయినట్టే. గుల్లలరేవు జనానికి ఊరు తిరిగొస్తుంది, జోగినాయుడు గారికి పరువు తిరిగొస్తుంది, ఆమె ఇన్నేళ్ల కష్టానికి ఫలితం దక్కుతుంది. ఒక్క మీట నొక్కితే చాలు.

ఆమె మీట దాకా వెళ్లి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఒక గొంతు దగ్గర జల్లెడ తప్పిందని మనమే రాస్తే, మిగతావి ఎవరు నమ్ముతారండీ? రెండూ ఉంచండి," అంది.

ఇలాంటి చిక్కు వస్తే ఏం చేయాలో చట్టంలోనే ఉంది. సభ్యుడు బతికి ఉంటే, విచారణ సంఘం బహిరంగంగా పిలిచి అడుగుతుంది. ఆయన ఏది తన ఓటంటే అదే ఓటు. దాని మీద మరో మాట ఉండదు.

ఆ సాయంత్రం మందాకిని ఇంటికి వెళ్లేసరికి జోగినాయుడు గారు వంటింట్లో పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. అల్లుడు ఓడల్లో ఇంజనీరు, ఏడాదిలో సగం రోజులు సముద్రం మీదే ఉంటాడు. అందుకని ఆయన విశాఖపట్నంలో కూతురి దగ్గరే ఉంటూ, కూరగాయల పని తన శాఖగా ప్రకటించుకున్నారు. మందాకిని ఎదురుగా కూర్చుని ఫోను నేల మీద పెట్టి ముందు "కాదు" వినిపించింది.

ఆయన చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. మొహమంతా నవ్వు పరుచుకుంది. చెప్పాను కదమ్మా అన్నట్టు తల ఊపారు. ఆ నవ్వును అక్కడే ఆపేసి "అవును" వినిపించకుండా ఉండిపోదామని ఆమె మనసు పీకింది. అయినా వినిపించింది.

"ఇదెవులిది?" అన్నారు ఆయన. మళ్లీ వినిపించమన్నారు. విని, మీ జల్లెడకు చిల్లు పడిందేమో చూసుకోమన్నారు. మందాకిని ఏడుపు బిగబట్టుకుని, రెండూ ఒకే జల్లెడలో వచ్చాయి నాన్నా, ఇది తప్పయితే అదీ తప్పే అవుతుంది అంది. జోగినాయుడు గారు మిగిలిన కాయలన్నీ ఈనెలు తీసి, కడిగి, పొయ్యి దగ్గర పెట్టారు. భోజనాల దగ్గర ఉప్పు సరిపోయిందా అని అడిగారు, అంతే.

మర్నాడు పొద్దున్న ఆమె బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే వెనకాలే వచ్చి నిలబడ్డారు. తువ్వాలు దులిపి ఆమె చేతికి అందిస్తూ చెప్పడం మొదలుపెట్టారు. ఓటుకు ముందు పార్టీ విప్ ఆయన కుర్చీ దగ్గరికి వచ్చాడట. గుల్లలరేవు బిల్లుకు నీ గొంతు నాకు వినబడాలి, వినబడితే శుక్రవారం నీ బూట్ల బిల్లే మొదట వస్తుంది, మంత్రి ఒప్పుకుంటాడు అన్నాడట. విప్ కూర్చునేది రెండు వరసల ముందు. అక్కడికి వినబడేలా ఆయన అరిచారు. ఆ వెంటనే సభాపతి కాదనేవాళ్లను అనమంటే, నోరు దానంతట అదే కాదంది.

"మరి శుక్రవారం ఏమైంది?"

శుక్రవారం నిజంగానే ఆయన బిల్లు మొదట వచ్చింది. మంత్రి లేచి, జోగినాయుడు గారి వంటి సభ్యుడు ఈ సభకు అలంకారమని పొగిడి, ప్రభుత్వం ఈ విషయం తప్పక పరిశీలిస్తుంది కాబట్టి బిల్లు వెనక్కి తీసుకోవలసిందిగా కోరాడు. మంత్రి అలా కోరితే వెనక్కి తీసుకోవడం సభలో మర్యాద. ఆయన లేచి, సభవారి అనుమతితో ఉపసంహరించుకుంటున్నానని చెప్పి కూర్చున్నారు. బల్లలు చరిచారు. బూట్లు రాలేదు, కళ్లద్దాలు రాలేదు.

"కాదన్నది రోజూ ఎవరో ఒకరికి చెప్పుకుంటానే ఉన్నానమ్మా. అవునన్నది ఒక్కరికీ చెప్పుకోనేదు. చెప్పుకోనిది మనకాడ ఉండదు కాబోలు. నిన్న నీ ఫోనులో వినేదాకా, అది నాను అరిచినట్టే నాకు తెల్దు. ఒట్టు."

ఆయన అబద్ధం చెప్పడం లేదని మందాకినికి అర్థమైంది. మనిషి తన గురించి తాను అల్లుకున్న కథను విప్పేసే యంత్రాన్ని తయారుచేశానని అప్పుడు తెలిసొచ్చి భయం వేసింది. ఎవరి కోసం చేసిందో వాళ్లకే మొట్టమొదట దెబ్బ తగిలింది. సంఘం ముందు ఏమని చెబుతావు నాన్నా అని అడిగింది. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీకి ఇచ్చావా అని అడిగి లోపలికి వెళ్లిపోయారు.

విచారణ గుల్లలరేవు కాలనీలోని సామాజిక భవనంలోనే పెట్టారు. ఊరంతా వచ్చింది. రేవును చూసి పెరిగినవాళ్లలో మిగిలింది కొద్దిమందే. వాళ్లను ముందు వరసలో కుర్చీలేసి కూర్చోబెట్టారు. వాళ్లలో దానమ్మ ఉంది, వయసు మీద పడి గువ్వలా ముడుచుకుపోయింది, చూపు మాత్రం చెక్కుచెదరలేదు. సంఘం అధ్యక్షురాలు పడుచు శాసనసభ్యురాలు. ఆమె సంగతంతా జనానికి విడమరిచి చెప్పి, ఏది మీ ఓటో చెప్పమని జోగినాయుడు గారిని అడిగింది.

ఆయన లేచి, ముందు రెండు గొంతులూ జనానికి వినిపించమన్నారు. అది అవసరం లేదని అధ్యక్షురాలు అంది. అవసరమేనని ఆయన పట్టుబట్టారు. మందాకిని వినిపించింది. "అవును" అన్న గొంతు ఆ హాలంతా నిండిపోయింది. వెనక వరసల్లో ఎవరో ఛీ అన్నారు. "కాదు" చాలామందికి వినబడలేదు, మళ్లీ వినిపించవలసి వచ్చింది.

"రెండూ నావే," అన్నారు జోగినాయుడు గారు. "మొదటిది మా పార్టీవోడికి వినబడాలని అరిచాను, నా బిల్లు గట్టెక్కుతాదని. రెండోది ఎవులికీ వినబడకుండా అన్నాను. ఆ యేల ఆ కుర్చీలో ఇద్దరు మనుషులున్నారు. కాదన్నవోడు ఇన్నేళ్లూ ఏ పనికీ రానేదు, తన మంచి తను చెప్పుకోడానికి తప్ప. ఈ రోజు ఒక్కసారి పనికి రానీండి. నా ఓటు గుల్లలరేవు వైపు రాసుకోండి."

అధ్యక్షురాలు పక్కనున్న ఇద్దరు సభ్యులతో మాట్లాడి లెక్క చదివింది. అనుకూలం అరవై మూడు, వ్యతిరేకం అరవై నాలుగు. గుల్లలరేవు బిల్లు ఏనాడూ చట్టం కాలేదని, ఊరు ఊరివాళ్లదేనని చెప్పింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ముందు వరసలోని ముసలివాళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఏడ్చారు. మందాకిని కూడా ఏడ్చింది. ఎవరో కుర్రాళ్లు కొత్త కండువా తెచ్చి జోగినాయుడు గారి భుజాన వేయబోయారు.

దానమ్మ చెయ్యెత్తి వాళ్లను ఆపింది. కర్ర సాయంతో లేచి అధ్యక్షురాలి వైపు తిరిగింది.

"అమ్మా, నాకు సదువు నేదు. ఒక మాట సెప్పు. ఆ యేల సబలో ఎవులైనా లెగిసి, ఈ అరుపులొద్దు, తలలు లెక్కెట్టండి అంటే లెక్కెట్టీవోరా?"

లెక్కపెట్టేవారని అధ్యక్షురాలు చెప్పింది. సభ్యుల్లో ఏ ఒక్కరు అడిగినా, వైపుల వారీగా నిలబెట్టి లెక్కించక తప్పదు, అది నియమం అంది.

దానమ్మ జోగినాయుడు గారి వైపు తిరిగింది. బజారులోలాగే మెల్లగా అడిగింది.

"రెండుపాలి నోరిప్పినావు కదా బాబూ. మూడోపాలి ఇప్పి, లెక్కెట్టండని అడగనేకపోనావా?"

తండ్రి వైపు చూడటానికి మందాకినికి ధైర్యం చాలలేదు. జల్లెడ రెండు గొంతులను విడదీసింది గానీ, పలకని ఈ మూడో మాట సంగతి ఆమెకు తోచనేలేదు. తనకు తోచనిది దానమ్మ అడిగింది.

"అడగొచ్చమ్మా," అన్నారు జోగినాయుడు గారు. "అడగనేదు."

రాసుకుంటున్న గుమస్తా కలం ఆపి అధ్యక్షురాలి మొహం చూశాడు. అది కూడా రాయమని జోగినాయుడు గారే చెప్పారు. అతను రాశాడు.

దానమ్మ కుర్రాడి చేతిలోంచి కండువా తీసుకుని, మడిచి, ఖాళీ కుర్చీ మీద పెట్టింది. కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసింది. కోపం పోలేదు గానీ, ఇన్నాళ్లూ దాన్ని మోసిన అలసట ఆమె మొహంలో కనిపించింది.

"గోడ కొట్టే రోజు కబురెడతాం. రా. గునపం మాత్తరం నీ సేతికియ్యం. నిలబడి సూడు."

జోగినాయుడు గారు చేతులు కట్టుకుని, వస్తానమ్మా అన్నారు. ఆ మాట హాలులో అందరికీ వినబడింది.